జపాన్ బడి పాటలు మూడు: ఏది మేలు?

జపనీస్ నేర్చుకుంటున్న తెలుగువాళ్లు తరచూ అడుగుతుంటారు: బడి రోజుల మీద వచ్చిన పాత పాటల్లో ముందు ఏది వినాలి అని. నాకు మూడు పాటలు గుర్తొస్తాయి. 1963 నాటి ‘కోకో సన్నెన్సే’, 1964 నాటి ‘గకుసే జిదాయ్’, 1985 నాటి ‘సొత్సుగ్యో’. మొదటి పేరుకు హైస్కూలు మూడో ఏటి విద్యార్థి అని అర్థం. రెండోదానికి చదువుకున్న రోజులు అని, మూడోదానికి చదువు ముగించి బడి దాటడం అని. ఎన్నో ఏళ్లుగా వింటున్నా, ఈ మూడింటినీ కలిపే పోగు నాకు ఆలస్యంగా దొరికింది. ప్రతి పాట వెనకా, అందులోని చదువు దక్కని మనిషి ఒకరున్నారు.

‘కోకో సన్నెన్సే’ సంగతి ముందు చెప్పాలి. జపాన్‌లో హైస్కూలు మూడేళ్లు. మూడో ఏడంటే మన ఇంటర్ రెండో సంవత్సరం వయసు. మార్చిలో చదువు ముగుస్తుంది, ఆపైన ఎవరి దారి వాళ్లది. పాడిన ఫునాకి కజువోకి అప్పుడు 18 ఏళ్లు, అదే తొలి పాట. మెడ దాకా బొత్తాలు పెట్టుకునే నల్ల యూనిఫాం వేసుకుని పాడాడు. రికార్డులు పది లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. పాటలో కథేమీ లేదు. పొద్దువాలే ఎరుపు బడి గోడల మీద పడుతుంది, చెట్టు నీడన స్నేహితుల మాటలు వినిపిస్తాయి, విడిపోయినా మనం ఒకే తరగతివాళ్లమే అన్న భరోసా ఉంటుంది. అంతే.

రాసిన ఓకా తోషియో పత్రికా విలేకరి. టోక్యోలోని సెతగయలో ఒక హైస్కూలు ఉత్సవానికి వెళ్తే, అక్కడ ఆడపిల్లలూ మగపిల్లలూ చేతులు పట్టుకుని ఫోక్ డాన్స్ చేస్తున్నారట. ఆయన 1917లో పుట్టినవాడు. ఆ తరానికి బళ్లో ఆడపిల్ల చెయ్యి పట్టుకోవడమన్నది ఊహకైనా అందని సంగతి. ఆ ఆశ్చర్యమే పాటయింది. డాన్స్‌లో చెయ్యి పట్టుకున్నప్పుడు పక్కనున్న పిల్ల జుట్టు పరిమళం సోకే చోటు ఒకటి పాటలో ఉంది. తన చిన్నతనంలో దొరకని క్షణాన్ని, ఆ పిల్లల చేతుల్లో చూసి రాసుకున్నాడు.

బాణీ కట్టిన ఎందో మినోరుది ఇంకా పెద్ద లోటు. పేదరికం వల్ల హైస్కూలు గడపే తొక్కలేదు. పదిహేడేళ్లకు టోక్యో చేరి, నిషి ఒగికుబో ప్రాంతంలో గిటార్ పట్టుకుని, రాత్రిళ్లు తాగే దుకాణాల్లో అడిగినవాళ్లకు అడిగిన పాట పాడి బతికాడు. అలాంటివాడి చేతికి హైస్కూలు ఆఖరి ఏటి మీద పాట వచ్చింది. వినండి, బాణీలో దిగులు ఉంది, నడక మాత్రం హుషారుగా ముందుకే పోతుంది. తనకు లేనిదాన్ని చూసి కుళ్లుకోకుండా ఇంత ఆప్యాయంగా కట్టడం నన్ను ప్రతిసారీ కదిలిస్తుంది. ఆ ఏడాది జపాన్‌లో జూనియర్ హైస్కూలు ముగించిన పిల్లల్లో దాదాపు మూడో వంతు పై చదువుకు వెళ్లలేదు. పల్లెల నుంచి పదిహేనేళ్లకే గుంపులుగా రైలెక్కి, ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో పనికి కుదిరేవాళ్లు. ‘బంగారు గుడ్లు’ అని వాళ్లకు పేరు. హైస్కూలు పాట వాళ్ల చెవిన ఎలా పడి ఉంటుందా అని ఆలోచిస్తే గొంతు పట్టేస్తుంది.

మిగతా రెండు పాటలదీ ఒకే విద్యాసంస్థ. అదే టోక్యో షిబుయలోని అవోయామా గకుయిన్, 1874 నాటి క్రైస్తవ మిషన్ బడితో మొదలైనది. ‘గకుసే జిదాయ్’ రాసి బాణీ కట్టిన హిరవోక సేజీ జాజ్ వాద్యకారుడు, అక్కడే చదివినవాడు. పాడిన పెగీ హాయామా కూడా అక్కడి విద్యార్థినే. తీగ అల్లుకున్న ప్రార్థనా మందిరం, గ్రంథాలయం, నోటు పుస్తకాలు, సిరా వాసన, అన్నీ తలుచుకునే నెమ్మదైన పాట. మొదట పెట్టిన పేరు ‘కాలేజీ రోజులు’. నేను కాలేజీకి వెళ్లలేదు కదా అని పెగీ అంటే, ‘చదువుకున్న రోజులు’గా మార్చారు. ఆ చిన్న మార్పే పాటను కాపాడిందని నా నమ్మకం. లేకపోతే కాలేజీ చదివినవాళ్ల పాటగానే మిగిలేది. అయినా ఈ పాటలో అంతా అందంగా ఉంది, మరీ అందంగా. ఎవరూ కొట్లాడుకోరు, ఎవరికీ భయం వెయ్యదు.

ఇరవై ఏళ్ల తర్వాత అదే సంస్థ హైస్కూల్లో చదివి, మధ్యలో మానేసినవాడు ‘సొత్సుగ్యో’ రాసి పాడిన ఒజాకి యుతాకా. 1984 మార్చి 15న తన తోటివాళ్లు పట్టాలు అందుకుంటున్న రోజునే, షింజుకులోని చిన్న హాల్లో తొలి కచేరీ చేశాడు. మరుసటి జనవరిలో ‘సొత్సుగ్యో’ వచ్చింది. రాత్రిపూట బడి కిటికీ అద్దాలు పగలగొట్టే ఘట్టమే అందరి నోటా నలిగింది. అప్పటికి జపాన్ బళ్లలో కొట్లాటలు, వాటిని అణచడానికి జుట్టు పొడవు దాకా కొలిచే నిబంధనలు ముదిరి ఉన్నాయి. కానీ నాకు అద్దాల కన్నా పాట చివరే ముఖ్యం. ఈ బడి దాటితే మమ్మల్ని ఇంకేం కట్టేస్తుందని, ఇంకెన్ని దాటాలని అడుగుతాడు. మిగతా రెండు పాటలూ అడగని ప్రశ్న అది. ఆ నిజాయితీలో వాటికన్నా ఇదే ఒక మెట్టు పైన. అతను 26 ఏళ్లకే, 1992లో పోయాడు.

పెగీ పాటకు అవోయామా ఆవరణ లోపల శిలాఫలకం ఉంది. ఒజాకి స్మారకం గేటు బయట, షిబుయ స్టేషన్ దగ్గర ఒక ఆఫీసు భవనం మేడ మీద ఉంది. అభిమానులు దాని చుట్టూ గోడల మీద తమ మాటలు రాసి వెళ్తుంటారు.

ఇక ఏది మేలంటే, ‘కోకో సన్నెన్సే’ అంటాను. ఒజాకి పాట ఆరు నిమిషాలు దాటుతుంది, మాటలు దట్టంగా, వేగంగా పడతాయి. భాష కాస్త వచ్చాక, ఒంటరిగా ఉన్న రాత్రి వినండి. పెగీ పాట బడి వదిలి పాతికేళ్లు గడిచినవాళ్లకు బాగా అందుతుంది. 1963 పాట అలా కాదు, పదాలు తేలిక, విడివిడిగా వినిపిస్తాయి, రెండోసారి విన్నప్పుడే గొంతు కలపొచ్చు. నలుగురు కూడిన చోట పెడితే, హైస్కూలు చదివినవాళ్లూ చదవనివాళ్లూ కలిసి పాడగలిగేది ఆ ఒక్కటే. బడి లేని కుర్రాడు కట్టిన బాణీ కదా, అందులో వాళ్లకూ చోటుంది.