తుపాకి మందు తగ్గించడం నేర్పిన కొలగొట్టం

నాది మూతి నుంచి మందు దట్టించే 12 బోర్ జంటగొట్టాల తుపాకి. గుళ్లు చెదరకుండా గొట్టం చివర ఇరుకు చేసే చోక్ దీనికి లేదు. మొదటి వేట సీజన్‌లో కుందేళ్లు తప్పించుకుపోయినందుకు కాదు, అరకొరగా దెబ్బతిని పొదల్లోకి దూరినందుకు బాధపడ్డాను. తుపాకి అంత దూరం అందుకోవడం లేదనుకుని మందు పెంచుతూ పోయాను. అదే నేను చేసిన తప్పు.

ఆ తర్వాత కొన్నది మందు కొలిచే ఈ ఇత్తడి కొలగొట్టం. లోపలి కడ్డీని జరిపితే 10 నుంచి 120 గ్రెయిన్ల (తుపాకి మందు కొలిచే చిన్న ప్రమాణం) దాకా, పదేసి గ్రెయిన్లకు ఒక గీత. ఈ గీతలు బ్లాక్ పౌడర్ అనే పాతకాలపు తుపాకి మందుకే. ఇప్పటి తూటాల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ ఇలాంటి తుపాకిలో పోస్తే గొట్టం పేలిపోతుంది.

25 గజాల దూరంలో పెద్ద కాగితం కట్టి, 30 అంగుళాల వలయం గీసి కాల్చాను. 90 గ్రెయిన్ల మందు, ఒక ఔన్సు 6వ నంబర్ పెల్లెట్లు (చిన్న గుళ్లు). కాగితం దగ్గరికెళ్లి చూస్తే చుట్టూ చిల్లులే, నడిమధ్య మాత్రం కుందేలు పట్టేంత ఖాళీ! వేగం మరీ ఎక్కువై పెల్లెట్లు చెదిరిపోయాయి. మందుకూ పెల్లెట్లకూ మధ్య పెట్టే మందపాటి మెత్తటి బిళ్ల కూడా వాటి మధ్యలోకి దూసుకెళ్లినట్టుంది. దాన్ని సగానికి చీల్చి వాడుతూ, మందు పదేసి గ్రెయిన్లు తగ్గించుకుంటూ వచ్చాను. 70 దగ్గర ఆ ఖాళీ పూడింది. భుజానికీ హాయిగా ఉంది.

అదే 70 గీతకు పెల్లెట్లు నింపి తూస్తే ఒక ఔన్సుకు కాస్త పైన తూగాయి. మందు ఎంత కొలతో పెల్లెట్లూ అంతే కొలత అనే పాత లెక్క నా తుపాకికి సరిగ్గా సరిపోయింది. మీ తుపాకి ఎంత కోరుకుంటుందో కాగితమే చెప్పాలి, తయారీదారు చెప్పిన హద్దు మాత్రం దాటకండి.

పైన తిరిగే చిన్న గరాటు నాకు బాగా నచ్చింది. దాన్ని కొలగొట్టం మూతి మీదికి తిప్పగానే ఎక్కువైన మందును గీసేసి చదును చేస్తుంది, ప్రతిసారీ ఒకే కొలత. మందు డబ్బా నుంచి నేరుగా తుపాకి గొట్టంలో పోసే అలవాటున్నవాళ్లు ఇలాంటిది తప్పక కొనాలి. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే డబ్బా మొత్తం చేతిలోనే అంటుకుంటుంది.

లోపాలు రెండు. బిగించే స్క్రూ వదులు. జేబులో నడకకే కడ్డీ 70 నుంచి దాదాపు 80కి జారింది, చూసుకోకుండా ఒక దెబ్బ కాల్చేశాను కూడా. ఇప్పుడు స్క్రూ కింద రబ్బరు వాషర్ వేశాను, కదలడం లేదు. రెండోది, పెల్లెట్లు కొలిచేటప్పుడు గరాటు అంచులో ఒకటో రెండో ఇరుక్కుని అది తిరగనే తిరగదు. అందుకే మందుకు మాత్రం దీన్ని ఉంచుకుని, పెల్లెట్లకు అదే కొలతకు కోసిన ఇత్తడి గొట్టం ముక్క వేరే పెట్టుకున్నాను.