జిప్సీ వెనుక ఇరుసుకు డిఫరెన్షియల్ లాకు: ఏ నేలకు అక్కర, ఏ నేలకు ముప్పు

మా నిమ్మ తోట పొదలకూరు దాటాక మెట్ట మీద ఉంది. రొయ్యల గుంటలు ఇందుకూరుపేట వైపు, సముద్రానికి దగ్గరగా ఉన్నాయి. అత్తగారి తరఫు పొలం ఒంగోలుకు అవతల నల్లరేగడిలో ఉంది. ఈ మూడు చోట్లకూ తిరిగేది ఒకే బండి, పెట్రోలు మారుతి జిప్సీ. దాని వెనుక ఇరుసులో, రెండు చక్రాలనూ కలిపి ఒకే వేగంతో తిప్పే డిఫరెన్షియల్ లాకును పెట్టించి చాలా ఏళ్లయింది; గాలి ఒత్తిడితో పనిచేసే ఈ గాలి లాకును కావలసినప్పుడు వేసుకుని అక్కర్లేనప్పుడు తీసేసుకోవచ్చు. లాకు పెట్టించాలా వద్దా అని నన్ను అడిగేవారికి, మీ బండి ఎక్కువగా ఏ నేల మీద తిరుగుతుందో ముందు చెప్పండని అడుగుతాను. ఎందుకంటే ఒక నేల మీద దాని విలువ అంతా ఇంతా కాదు, మరో నేల మీద అదే లాకు బండిని నీళ్లలోకి దించగలదు.

ట్రాక్టరు నడిపిన వారికి ఈ విషయం కొత్త కాదు. మడమతో తొక్కే చిన్న పెడల్‌ను తొక్కిపట్టినంతసేపు ట్రాక్టరు వెనుక చక్రాలు రెండూ కలిసి తిరుగుతాయి, కాలు తీయగానే విడిపోతాయి, తొక్కి ఉండగా మలుపు తిప్పకూడదని పెద్దవాళ్లు మొదటి రోజే హెచ్చరిస్తారు. జిప్సీ లాంటి బండికి కంపెనీ నుంచి ఆ సదుపాయం లేదు. ఇరుసు నడుమ ఉండి, మలుపుల్లో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరికే డిఫరెన్షియల్. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన తిప్పుడు బలాన్నే పంపుతుంది. ఒక చక్రం గాలిలో తేలితే దాన్ని తిప్పడానికి పెద్దగా బలం అక్కర్లేదు కనుక, నేల మీద గట్టి పట్టుతో నిలిచిన రెండో చక్రానికి కూడా ఆ కొద్దిపాటి బలమే అందుతుంది. ఫోర్ బై ఫోర్ వేసి నాలుగు చక్రాలకూ ఇంజను బలం పంపినంత మాత్రాన ఈ ఇబ్బంది తీరదు; ట్రాన్స్‌ఫర్ కేసు ముందు ఇరుసునూ వెనుక ఇరుసునూ కలుపుతుందే గాని, ఒక్కో ఇరుసులోని కుడి ఎడమలను కలపదు. ముందు ఒక చక్రం, దానికి ఐమూలగా వెనుక ఒక చక్రం తేలిపోయాయంటే ఫోర్ బై ఫోర్ బండి కూడా ఉన్నచోటే నిలబడిపోతుంది.

మా తోట దారిలో జరిగేది సరిగ్గా ఇదే. ఈశాన్య రుతుపవనాల వానలకు అక్టోబరు, నవంబరు నెలల్లో ఎర్రమట్టి బాట కోసుకుపోయి, దారికి అడ్డంగా ఏటవాలు గండ్లు పడతాయి. జిప్సీకి నాలుగు మూలలా ఉన్నవి కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు); అవి బిగుతైనవి కనుక చక్రం గుంతలోకి ఎక్కువగా దిగదు, త్వరగా గాలిలోకి లేస్తుంది. లాకు లేని రోజుల్లో ఎడమ వెనుక చక్రం జానెడు ఎత్తున తేలి, ఎర్రటి బురదను వెనక్కి చిమ్ముతూ వట్టినే తిరిగేది; కుడి చక్రం మాత్రం కదలకుండా ఉండేది. అలాంటప్పుడు వేగంగా వచ్చి గండిని దూకించడం తప్ప దారి ఉండేది కాదు, ఆ దూకుడుకు కమాన్లూ, డిఫరెన్షియల్‌ను కప్పి ఉంచే ఇరుసు డొప్ప అయిన హౌసింగూ దెబ్బతినేవి. లాకు వచ్చాక పద్ధతే మారిపోయింది. గండికి ముందే బండి ఆపి, లో గేరు వేసి, మీట నొక్కితే కంప్రెసర్ గాలి హౌసింగులోకి వెళుతుంది. చక్రం కొద్దిగా కదిలే సరికి లోపల టక్కుమని పళ్లు కూర్చుంటాయి. ఆ తరువాత మనిషి నడిచే వేగంతో, తేలిన చక్రం నెమ్మదిగా గాలిలో తిరుగుతుండగా, నేల మీదున్న చక్రం బండిని అవతలి గట్టు ఎక్కిస్తుంది. రాపూరు వైపు వెలిగొండల అంచున రాళ్లు పరుచుకున్న దారుల్లోనూ అనుభవం ఇదే. గండ్లు, రాళ్లు, ఎగుడుదిగుడు దారులు రోజూ దాటవలసిన వారు వెనుక లాకు కోసం పెట్టే డబ్బుకు పూర్తి విలువ వస్తుందని నిస్సంకోచంగా చెబుతాను.

రొయ్యల గుంటల కట్టల మీద మాట వేరు, అక్కడ నా సలహా గట్టి హెచ్చరిక. వాన పడిన బంకమట్టి కట్ట మధ్యలో ఉబ్బెత్తుగా, రెండు వైపులా నీళ్లలోకి వాలి ఉంటుంది. మామూలు డిఫరెన్షియల్‌తో వెళుతుంటే ఒక వెనుక చక్రం జారి గిరగిరా తిరిగినా, రెండోది దాదాపు నిలకడగా ఉండి బండి పక్కకు జారకుండా పట్టి ఉంచుతుంది. లాకు వేస్తే రెండూ ఒకేసారి పట్టు తప్పుతాయి. తిరుగుతూ జారే టైరుకు పక్కబలం మిగలదు కనుక, వెనుక భాగం మొత్తం వాలు ఎటుంటే అటు జరుగుతుంది. మేత బస్తాలు వెనుక వేసుకుని వెళ్లే బండికి ఆ జరుగుడు ఇంకా ఎక్కువ. అందుకే వాలు కట్ట మీద మా బండి నడిపే వారెవరినీ లాకు మీట ముట్టుకోనివ్వను. అక్కడ కావలసినవి లోతైన పళ్లున్న మడ్ టైర్లు, నిదానం. కట్ట మరీ నానిపోయిన రోజు బస్తాలను ట్రాక్టరులో పంపించడమే క్షేమం.

నల్లరేగడిలో ముప్పు లేకపోయినా లాభం అంతంత మాత్రమే. నానిన రేగడి టైరు పళ్ల సందుల్లో నిండిపోయి టైరును నున్నగా చేస్తుంది. అప్పుడు రెండు చక్రాలకూ పట్టు ఉండదు కనుక వాటిని కలిపి తిప్పినా రెండూ కలిసి గుంతలు తవ్వుకుంటాయి. హౌసింగు మధ్య గట్టు మీద ఆనిందంటే ఏ లాకూ బండిని కదపలేదు, తాడు కట్టి లాగాల్సిందే. పొగాకు, మిరప చేల మధ్య దారుల్లో ఒక చక్రం గట్టి అంచు మీదా, రెండోది గాడిలో బురదలోనూ పడ్డప్పుడు మాత్రం లాకు బాగా ఆదుకుంది. పెన్నా ఇసుకలోనూ, మైపాడు వైపు సముద్రపు ఇసుకలోనూ లాకు కంటే గాలి తగ్గించడమే ఎన్నో రెట్లు మేలు చేసింది. రోడ్డు మీద 24 పీఎస్ఐ దగ్గర ఉంచే టైర్లను 15కు దించితే టైరు నేలకు ఆనే జాగా పొడవు పెరిగి, బరువు తక్కువైన జిప్సీ ఇసుక మీద తేలుతూ పోతుంది. లాకుతో పాటు వచ్చే కంప్రెసరే మళ్లీ టైర్లకు గాలి నింపడానికి పనికి రావడం ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చిన అంశం.

లాకుల్లో రకాలున్నాయి. కొందరు మెకానిక్కులు డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లను వెల్డింగు చేసి పారేస్తే చవకలో పని అయిపోతుందంటారు. రోడ్డెక్కే బండికి అది ఎంత మాత్రమూ తగదు. ప్రతి మలుపులోనూ టైర్లు రోడ్డును గీరుకుంటాయి, డిఫరెన్షియల్ నుంచి చక్రాలకు వెళ్లే హాఫ్ షాఫ్టుల మీద ఎడతెగని ఒత్తిడి పడుతుంది. తనంతట తానే పట్టుకుని విడిచే ఆటోమేటిక్ లాకు ధర తక్కువ, గాలి గొట్టాల తలనొప్పి లేదు. అయితే ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం (వీల్‌బేస్) 2375 మిల్లీమీటర్లు మాత్రమే ఉన్న తేలిక బండిలో అది తడి రోడ్డు మీద మలుపులో పట్టుకుని విడిచినప్పుడు బండి ఉలిక్కిపడుతుంది. నెల్లూరు నుంచి ఒంగోలుకు 16వ నంబరు జాతీయ రహదారి మీద లారీల మధ్య ప్రయాణించే నాకు ఆ గుణం పనికిరాదు. మీట తీస్తే పూర్తిగా మామూలు డిఫరెన్షియల్‌గా మారిపోయే గాలి లాకును, దాని ధర ఎక్కువైనా, ఎంచుకున్నది అందుకే. రోడ్డు మీద అది ఉన్న సంగతే తెలియదు.

బిగింపులో ఆదా చూడకూడదు. లాకు పెట్టాలంటే డిఫరెన్షియల్‌ను తిప్పే పెద్ద క్రౌన్ గేరును విప్పి కొత్త కేసుకు బిగించి, దాన్ని తిప్పే చిన్న గేరు అయిన పినియన్‌తో దాని సందును మిల్లీమీటరులో పదో వంతు ప్రాంతంలో డయల్ గేజీతో సరిచూడాలి. పళ్లకు పసుపు రంగు పేస్టు పూసి తిప్పి, ఆ ముద్ర పంటి నడుమ పడిందా, అంచుకు పోయిందా అని చూడాలి. ముద్ర అంచున పడితే సందు సరిచేసే పలుచని రేకులు, అంటే షిమ్ములు మార్చి మళ్లీ మొదటి నుంచి చేయాలి. మా బండికి ఆ పని చేసిన మేస్త్రీ పట్టుదల వల్లే ఇన్నేళ్లకూ వెనుక నుంచి ఊళ రాలేదని నా నమ్మకం. తరువాతి సంరక్షణ పెద్ద బరువేమీ కాదు. ఒకసారి గాలి గొట్టం కమాన్ కట్టకు రాసుకుని చిల్లు పడితే, లాకు వేసినప్పుడల్లా కంప్రెసర్ ఆగి ఆగి మోగడం మొదలుపెట్టింది. ఆ మోతే లీకుకు గుర్తు. ఇరుసులోకి గాలి వచ్చిపోయే రంధ్రమైన బ్రీదర్‌కు పొడుగు గొట్టం వేసి పైకి తేవడం కూడా తప్పనిసరి. వేడెక్కిన హౌసింగు వాగు నీళ్లలో మునిగి చల్లబడితే నీటిని లోపలికి పీల్చుకుంటుంది, గేర్ ఆయిల్ మజ్జిగలా తెల్లబడుతుంది. ఉప్పునీటి గాలికి తుప్పు పట్టే గొట్టాల బిగింపులను వానాకాలానికి ముందే మారుస్తాను.

ముందు ఇరుసుకు లాకు పెట్టించలేదు, పెట్టించే ఉద్దేశమూ లేదు. ఇంజను టార్కు (తిప్పుడు బలం) 103 న్యూటన్ మీటర్లే అయినా, ట్రాన్స్‌ఫర్ కేసు లో నిష్పత్తి 2.268, దానికి మొదటి గేరు, క్రౌన్ పినియన్ తోడై అది ఎన్నో రెట్లు పెరిగి, లాకు పడినప్పుడు దాదాపు మొత్తం ఒకే చక్రం వైపు షాఫ్టు మీద పడగలదు. ముందు చక్రాలు పూర్తిగా తిప్పి ఉన్న స్థితిలో ఆ భారం వస్తే తిప్పిన చక్రానికి షాఫ్టు బలాన్ని అందించే బర్‌ఫీల్డ్ జాయింటు విరగడం ఈ సుజుకీ ఇరుసుల్లో పేరుపడిన బలహీనత. పైగా ముందు లాకుతో స్టీరింగు మొండికేస్తుంది. మా గండ్ల దగ్గర మలుపు తప్పదు.

జిప్సీ తరువాత మారుతి తెచ్చిన ఫోర్ బై ఫోర్ బండి జిమ్నీ ఉన్నవారు మాత్రం తొందరపడనక్కర్లేదు. దానికి కాయిల్ స్ప్రింగులు ఉండడం వల్ల చక్రాలు నేలను ఎక్కువ దూరం అందుకుంటాయి. వట్టినే తిరిగే చక్రాన్ని బ్రేకుతో ఆపి రెండో వైపుకు బలం మళ్లించే ఎలక్ట్రానిక్ ఏర్పాటూ కంపెనీ నుంచే ఉంది. చక్రం కాస్త జారాకే అది మేలుకుంటుంది కనుక నిలువు రాళ్ల మీద లాకంత నిదానం రాదు గాని, తోట దారులకు అది చాలుతుంది. ముందు మంచి టైర్లు, గాలి కొలత, కంప్రెసర్, గట్టి లాగుడు తాడు సమకూర్చుకుని ఒక వానాకాలం తిరగండి. ఆ తరువాత కూడా చక్రం తేలిన చోటే బండి ఆగిపోతుంటే అప్పుడు లాకు గురించి ఆలోచించండి. వారంటీ ఇంకా ఉన్న బండి అయితే డీలరు మాట, బీమా సంస్థ మాట రాతపూర్వకంగా తీసుకోండి. నమోదు పత్రంలోని వివరాలు తయారీదారు చెప్పిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది కనుక, లాకుతో పాటు పెద్ద టైర్లు, ఎత్తు పెంచే కమాన్లు కూడా బిగించాలనుకునేవారు రవాణా శాఖ కార్యాలయంలో అడిగాకే పని మొదలుపెట్టాలి.