సెపరేటర్‌కి ఏఎంసీ ఇచ్చేవాళ్లు జాగ్రత్త: బౌల్ తెరవకుండానే అన్నీ ‘ఓకే’ కొట్టి వెళ్లారు

చిన్న డెయిరీలు నడుపుకునేవాళ్ల కోసం రాస్తున్నా. కోపం ఇంకా తగ్గలేదు, మాట తూలితే ఏమీ అనుకోకండి. వాళ్ల పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. సంక్రాంతికి క్యాలెండరు, దసరాకి స్వీట్ బాక్సు పంపి, మిషన్ ఆగిన రోజు మాత్రం ఫోన్ ఎత్తని ఆ సర్వీసు వాళ్లెవరో మన చుట్టుపక్కల పాల వ్యాపారంలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

మాది ఒంగోలు దగ్గర చిన్న ప్లాంటు. గంటకు 5,000 లీటర్ల పాల నుంచి వెన్న వేరుచేసే క్రీమ్ సెపరేటర్, సెల్ఫ్ క్లీనింగ్ రకం, గేర్ డ్రైవ్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా ఇన్నాళ్లూ కిక్కురుమనకుండా పనిచేసింది. ఏఎంసీలో, అంటే ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టులో, రెండు రకాల సర్వీసు ఉంది. మధ్యమధ్యలో వచ్చి రబ్బర్లు మార్చేది ఇంటర్మీడియట్, ఏడాదికోసారి బేరింగులు కూడా మార్చేది మేజర్. ఈసారి ఇంటర్మీడియట్. కిట్ (మార్చే రబ్బర్ల సెట్) డబ్బులు అడ్వాన్సుగా లాక్కున్నారు, లేబర్ బిల్లు తర్వాత.

సెల్ఫ్ క్లీనింగ్ మిషన్‌ని రోజూ విప్పం కదా. మడ్డి దానంతటదే బయటికి కొట్టేస్తుంది, పాలు అయ్యాక కాస్టిక్, యాసిడ్‌తో సీఐపీ (విప్పకుండానే లోపల కడగడం) చేస్తాం, అంతే. లోపల ఏం జరుగుతోందో సర్వీసు రోజే తెలుస్తుంది. అంటే లోపల తిరిగే బౌల్ తెరవడమే అసలు పని. దానిలో దొంతరగా ఉండే డిస్కులన్నీ బయటికి తీసి కడగాలి, ఓ-రింగులు (రబ్బరు రింగులు) మార్చాలి, మూత బిగించే లాక్ రింగ్ మర అరిగిందేమో చూడాలి, బౌల్ మీద గీతలో పగుళ్లో ఉన్నాయేమో వెతకాలి, కింద గేర్ ఆయిల్ దించి వార్మ్ వీల్ (బౌల్‌ని తిప్పే గేరు చక్రం) పళ్లు చూడాలి. తెలిసిన మనిషికి కూడా పూట పడుతుంది. మా దగ్గరికొచ్చిన కుర్రాడు ఎంతసేపున్నాడయ్యా అంటే, మావాడు ట్యాంకర్ దించి వచ్చేలోపు బ్యాగు సర్దేసుకున్నాడు.

నేను ఆ పూట బ్యాంకులో ఉన్నా. సాయంత్రం వచ్చేసరికి మిషన్ తళతళలాడుతోంది. పై మూత, బాడీ, మోటారు అన్నీ తుడిచి, ముందువైపు పచ్చ స్టిక్కర్ అంటించి తేదీ వేశాడు. ‘చాలా నీట్‌గా చేశాడన్నా’ అన్నాడు మా ఆపరేటర్. నేనూ మురిసిపోయా. స్టిక్కర్ చూసి మురిసిపోయే తెలివి ఉన్నవాడికి ఏం జరగాలో అదే జరిగింది.

మర్నాడు స్కిమ్ (వెన్న తీసేశాక మిగిలే పాలు) టెస్టు చూస్తే కొవ్వు 0.10 శాతం ఉంది. సర్వీసుకి ముందు కూడా అంతే, అసలు ఆ గొడవ మీదే వాళ్లని తొందరపెట్టి పిలిపించా. మిషన్ బాగున్నప్పుడు మాకు 0.06 దాటేది కాదు. కొత్త రబ్బర్లు కదా, సర్దుకుంటుందిలే అనుకున్నా. రబ్బరు సర్దుకోవడమేంటో ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తోంది. అది సర్దుకోకపోగా 0.20కి ఎగబాకింది. (స్కిమ్‌లో కొవ్వు కొలవడానికి స్కిమ్ బ్యూటిరోమీటరే వాడండి. మామూలు పాల బ్యూటిరోమీటర్‌లో ఈ తేడా కంటికి ఆనదు.) పది వేల లీటర్ల స్కిమ్‌లో 0.1 శాతం ఎక్కువ పోయినా పది కిలోల కొవ్వు డ్రైనేజీలో పోసినట్టే. గేదె పాలకి కిలో ఫ్యాట్ రేటు ఎంతుందో మీకు నేను చెప్పాలా?

ఆ తర్వాత సౌండ్ మారింది. స్టార్ట్ చేసినప్పుడు స్పీడు ఎక్కేలోపు కాస్త వణకడం ఏ సెపరేటర్‌కైనా మామూలే. ఇది ఫుల్ స్పీడు అందుకున్నాక కూడా వణుకుతోంది, పక్కన బల్ల మీద పెట్టిన గ్లాసు జరిగిపోతోంది. లోపల బరువైన స్టీలు బౌల్ నిమిషానికి ఆరేడు వేల చుట్లు తిరుగుతుంటుంది. దాని పక్కనే నిలబడి పనిచేసేది మా కుర్రాడు, వాడికి చిన్న పిల్లలు. వెంటనే ఆపించేశా. సర్వీసు వాళ్లకి ఫోన్ చేస్తే ‘ఇంజనీర్ టూర్‌లో ఉన్నారు సార్’. మళ్లీ చేస్తే మళ్లీ టూర్. పాలు వచ్చి ట్యాంకుల్లో నిండుతున్నాయి. ఆ పాలన్నీ పక్క ప్లాంటుకి నష్టానికి తోలాను, దాని లెక్క ఇంకా వేసుకోలేదు, వేసుకునే ధైర్యం కూడా లేదు.

ఇక లాభం లేదని మా ఊళ్లోనే ఉన్న బాబాయ్‌ని పిలిచా. కో-ఆపరేటివ్ డెయిరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. వచ్చీ రాగానే మిషన్ ముట్టుకోలేదు. ‘ఆ కాయితం తీసుకురా’ అన్నాడు. సర్వీస్ చెక్‌లిస్ట్ అన్నమాట. కళ్లజోడు పెట్టుకుని ఒక్కో లైనూ చదివాడు. బౌల్ విప్పడం, ఎస్. డిస్కులు క్లీనింగ్, ఎస్. ఓ-రింగులు మార్పు, ఎస్. గేర్ ఆయిల్ మార్పు, ఎస్. వీ-బెల్టు కండిషన్, గుడ్.

‘బెల్టు ఎక్కడుందిరా దీనికి?’ అన్నాడు.

మాది వార్మ్ గేర్ మిషన్. బెల్టే ఉండదు. లేని బెల్టుకి ‘గుడ్’ అని సర్టిఫికెట్ ఇచ్చి పోయాడు ఆ మహానుభావుడు! అదే కాయితం ఫైల్లో పెట్టి ఆడిటర్‌కి కూడా చూపించాను నేను.

బౌల్ తెరిచాం. లాక్ రింగ్‌ది ఎడమ మర, విప్పాలంటే కుడివైపు తిప్పాలి, ఇది చాలామందికి తెలుసు. మూత లేచేసరికి వాసన గుప్పుమంది. అంచుల్లో మడ్డి గట్టిపడిపోయి, బయటికి కొట్టే కంతలు సగం పూడుకుపోయి ఉన్నాయి. డిస్కుల అడుగున మిల్క్ స్టోన్, అంటే గట్టిపడ్డ పాల గార, గోటితో గీకినా రావట్లేదు. వణుకు ఎందుకొచ్చిందో అక్కడే అర్థమైంది, మడ్డి ఒకపక్క ఎక్కువ, ఒకపక్క తక్కువ పేరుకుంటే బౌల్ బ్యాలెన్స్ తప్పకుండా ఎలా ఉంటుంది? ఇక పై డిస్క్ దగ్గరి ఓ-రింగ్. క్రీమ్ దారినీ స్కిమ్ దారినీ వేరు చేసేది అదే. బాబాయ్ దాన్ని బయటికి తీసి రెండు వేళ్లతో వంచాడు, టప్పున విరిగింది. గుండ్రంగా ఉండాల్సింది పలకగా అణిగిపోయింది, ఒకచోట నోరు తెరుచుకుని ఉంది. స్కిమ్‌లోకి వెన్న జారక ఏమవుతుంది మరి? బిల్లులో మాత్రం ‘కిట్, ఫుల్ సెట్, 1’, జీఎస్‌టీతో సహా.

ఆ తర్వాత గేర్ ఆయిల్ దించాం. నల్లగా జారింది. బాబాయ్ ఒక చుక్క బొటనవేలికి రాసుకుని ఎండలోకి పట్టాడు. సన్నటి పసుపు మెరుపులు. వార్మ్ వీల్ కంచుది కదా, అది అరిగి రాలిన పొడి ఆయిల్లో తేలుతోంది. ‘ఇది మొన్నటి ఆయిల్ కాదురా, పోయినేటిది’ అన్నాడు. లెవల్ గాజులోంచి చూస్తే సరిపడా కనిపించేలా పైన కాస్త పోసి పోయినట్టున్నాడు.

అన్నిటిలో ఒక్కటే కలిసొచ్చింది. డిస్కులూ బౌల్ భాగాలూ అన్నిటి మీదా మా నంబరే ఉంది. బౌల్‌ని సెట్ మొత్తంగా బ్యాలెన్స్ చేస్తారు, ఇంకో మిషన్ ముక్క కలిస్తే కొంప మునుగుతుంది. మార్చుకుపోయారేమోనని భయపడ్డా. తెరిస్తే కదా మార్చేది.

ఫోటోలు, వీడియో అన్నీ తీసి మేనేజర్‌కి వాట్సాప్ చేశా. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. వేరే నంబర్ నుంచి ఫోన్ చేస్తే అప్పుడు ఎత్తాడు. నేను మర్యాదగానే మొదలుపెట్టా. చెప్పిందంతా విని, తాపీగా ఇలా అన్నాడు:

‘సార్, రిపోర్టు మీద మీ ఆపరేటర్ సంతకం ఉంది. వర్క్ శాటిస్‌ఫాక్టరీ అని ఉంది. సంతకం పెట్టేముందు చదువుకోవాలి కదండీ.’

మా కుర్రాడు పదో తరగతి తప్పాడు. ఆ కాయితం మొత్తం ఇంగ్లీషు. ‘అన్నా, ఇక్కడో సంతకం, అటెండెన్స్ కోసం’ అని పెట్టించుకున్నాడట ఆ వచ్చినవాడు. అది నాకు ఆ ఫోన్ మాట్లాడుతుండగా పక్కన నిలబడి చెబుతున్నాడు మావాడు, మొహం మాడిపోయి ఉంది. నేనింకా బెల్టు సంగతి ఎత్తాను. లేని బెల్టు ఎలా చూశారండీ అని. ‘అది కామన్ ఫార్మాట్ సార్’ అన్నాడు. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. స్పీకర్‌లో పెట్టినట్టున్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. ‘అయినా మీరు బయటి మనిషితో బౌల్ తెరిపించారుగా? ఫోటోలు మీరే పంపారు. థర్డ్ పార్టీ ముట్టుకుంటే మా కండిషన్ల ప్రకారం ఏఎంసీ క్యాన్సిల్. అడ్వాన్సు తిరిగి రాదు’ అన్నాడు.

అర్థమైందా? వాళ్లు తెరవలేదని నిరూపించాలంటే నేను తెరవాలి. నేను తెరిస్తే కాంట్రాక్టు పోతుంది. ఎంత చక్కగా అల్లారో చూడండి. వాళ్ల సర్వీసులో ప్రివెంటివ్ అనేది ఏమైనా ఉంటే అది ఇదొక్కటే, కస్టమర్ లోపల చూడకుండా ప్రివెంట్ చేయడం.

కన్స్యూమర్ కేసు వేద్దామని లాయర్‌ని అడిగా. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వ్యాపార అవసరాల కోసం తీసుకున్న సేవలు రావు, సొంతంగా పొట్టపోసుకోవడానికి చేసుకునే పని అయితేనే మినహాయింపు, మీకు కూలీలున్నారు, ప్లాంటుంది, అవతలివాళ్లు ముందు ఆ పాయింటే లాగుతారు అన్నాడు. నోటీసు మాత్రం పంపుతున్నాం. లేబర్ బిల్లు ఆపేశా. దాని కోసం మాత్రం వాళ్ల అకౌంట్స్ అమ్మాయి రోజూ ఠంచనుగా ఫోన్ చేస్తోంది, ఆ డిపార్ట్‌మెంట్‌లో టూర్లు లేవనుకుంటా.

మీరైతే ఏం చేయాలంటే, బౌల్ తెరిచినప్పుడు మీ మనిషి అక్కడే ఉండాలి, వీడియో తీయాలి. తీసిన పాత రబ్బర్లు వాళ్లని పట్టుకుపోనివ్వకండి, మీ ముందే కత్తిరించి మీ దగ్గరే ఉంచుకోండి. దించిన ఆయిల్ ఒక సీసాలో పట్టండి. లాక్ రింగ్ మీదా బౌల్ మీదా ఉండే గుర్తు గీతలు బిగించాక ఎక్కడ కలుస్తున్నాయో ఫోటో తీయండి, సర్వీసు సర్వీసుకీ రింగ్ గీత ముందుకు జరిగిపోతుంటే మర అరుగుతున్నట్టు. మాది జరిగిపోయింది, అదో కొత్త ఖర్చు. సర్వీసుకి ముందూ తర్వాతా స్కిమ్ టెస్టు రీడింగ్ రిపోర్టు మీదే రాయించాకే సంతకం. ఇంకోటి, ఎంత తొందరున్నా బౌల్ పూర్తిగా ఆగకుండా మూత ముట్టుకోనివ్వకండి. మోటారు ఆపినా అది చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది.

కిట్ నేనే సొంతంగా తెప్పిస్తున్నా. బౌల్‌ని తిప్పే స్పిండిల్ వంకర చూడటానికి డయల్ గేజ్ పెట్టి కొలవగలిగిన మనిషి ఒంగోలు, చీరాల, గుంటూరు వైపు ఎవరైనా ఉంటే చెప్పండి. బాబాయ్‌కి చూపు ఆనడం లేదంటున్నాడు.