థాయిలాండ్ టీచర్ ఉద్యోగానికి డబ్బు కట్టబోతున్నవాళ్లు ఇది చదివేదాకా ఆగండి

స్కూల్ పేరు కాగితం మీద చూడకుండా ఎవరికీ ఒక్క రూపాయి కూడా కట్టకండి. ముఖ్యంగా అమీర్‌పేటలో ఉన్న ఆ కన్సల్టెన్సీకి. పేరు రాయను. టీచర్లు ఏనుగుల పక్కన నిలబడి, బీచ్‌లో నడుస్తూ నవ్వుతూ చెప్పే రీల్స్ చూసినవాళ్లకి ఎవరో అర్థమైపోతుంది. మన టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో వాళ్ల పోస్టర్ ఈ ఉదయం కూడా తిరుగుతోంది, అందుకే కూర్చుని రాస్తున్నాను. కోపం ఇంకా తగ్గలేదు. వరస తప్పితే సర్దుకుని చదవండి.

నేను ఎం.ఏ. ఇంగ్లీష్, బీఈడీ. గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో హైస్కూల్ క్లాసులకి చెప్పేదాన్ని. ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్లకి అక్కడ టోయిక్ అనే ఇంగ్లీష్ పరీక్షలో 600 స్కోరు కావాలంటే అదీ రాసి తెచ్చుకున్నాను. ఫీజు లక్షా నలభై వేలు, విడతలుగా కట్టించుకున్నారు. చియాంగ్ మాయ్‌లో గవర్నమెంట్ స్కూల్, నెలకి 30 వేల బాత్ జీతం, మే నెలలో జాయినింగ్. "ప్లేస్‌మెంట్ కన్ఫర్మ్ అక్కా, మీరు బట్టలు సర్దుకోండి" అని కౌన్సెలర్ అమ్మాయి పంపిన వాయిస్ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది.

చియాంగ్ మాయ్ అయితేనే వస్తానని మొదటిరోజే చెప్పాను. మా పాప రెండో తరగతి. తనని తీసుకెళ్లాలి. అక్కడైతే పాపకి ఇంగ్లీష్ మీడియం స్కూళ్లు ఉన్నాయి, పెద్ద ఆసుపత్రులున్నాయి. ఈ మాట ఫోన్‌లో చెప్పాను, ఎదురుగా కూర్చునీ చెప్పాను, మెసేజ్‌లోనూ రాశాను. ప్రతిసారీ "నో టెన్షన్ అక్కా" అన్నారు.

ఆఖరి విడత కట్టి, ఇక్కడ రిజైన్ చేసి, అటెస్టేషన్ కోసమని ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల చేతికిచ్చాక మాట మారడం మొదలైంది. ముందు "చియాంగ్ మాయ్ దగ్గర్లో" అన్నారు. తర్వాత "నార్త్‌లో ఎక్కడైనా" అన్నారు. ఆ తర్వాత "ఈసాన్ వైపు వేకెన్సీలు ఎక్కువున్నాయి". మ్యాప్ తీసి చూడండి. చియాంగ్ మాయ్ ఉత్తరాన, బర్మా వైపు. ఈసాన్ ఈశాన్యాన లావోస్, కంబోడియాల వైపు, 20 ప్రావిన్సులున్న ప్రాంతం. అక్కడ ఖోన్ కేన్, ఉడోన్ థానీ లాంటి మంచి నగరాలూ ఉన్నాయి, కాదనను. కానీ 2025 జూలైలో థాయ్, కంబోడియా సైన్యాలు కాల్చుకున్నదీ, లక్షమందికి పైగా జనం ఇళ్లు వదిలి వెళ్లిపోయిందీ సురిన్, సిసాకెట్, ఉబోన్ రాచథానీ లాంటి సరిహద్దు ప్రావిన్సుల్లోనే. పిల్లని వెంటబెట్టుకుని వెళ్లే తల్లి ఏ ప్రావిన్సో అడగకుండా ఎలా ఉంటుంది? అడిగాను. "అది అక్కడ ఓరియెంటేషన్‌లో చెప్తారు" అన్నారు.

ఇక ఫోన్లు లాభం లేదని నేనూ మా ఆయనా హైదరాబాద్ వెళ్లాం. రిసెప్షన్‌లో కొత్తగా డబ్బు కట్టడానికి వచ్చిన పిల్లలు కూర్చుని ఉన్నారు. మేనేజర్ మమ్మల్ని లోపలికి కూడా పిలవలేదు, అక్కడే నిలబెట్టి మాట్లాడాడు. స్కూల్ పేరు చెప్పండి సార్, నేనే ఫోన్ చేసి కనుక్కుంటాను అన్నాను. అగ్రిమెంట్ తెరిచి ఒక లైన్ మీద వేలు పెట్టాడు. ప్లేస్‌మెంట్ ఖాళీలను బట్టి ఉంటుందని ఆ లైన్‌లో ఉంది. నాకు తెలుసు సార్, సంతకం చేసేముందు దాని గురించే అడిగాను, అది ఫార్మాలిటీ అని మీ అమ్మాయే చెప్పింది, వాయిస్ వినిపించనా అన్నాను. అతను అందరికీ వినపడేలా "మీరు ఇంగ్లీష్ టీచరే కదా మేడమ్, అగ్రిమెంట్ ఇంగ్లీష్‌లోనే ఉంది కదా" అన్నాడు. అన్నాళ్లూ అక్కా అక్కా అన్న అమ్మాయి పక్కనే నిలబడి ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

అది కూడా భరించాను. పాప విషయం మళ్లీ చెప్పాను. ఊరు తెలియకుండా తనకి స్కూల్ ఎలా చూసుకోను, నాకు నాన్-బీ అనే ఉద్యోగ వీసా వస్తేనే కదా దాని మీద తనకి నాన్-ఓ అనే డిపెండెంట్ వీసా వచ్చేది అన్నాను. దానికి అతనన్న మాట ఇది: "పాపని మీ అమ్మగారి దగ్గర వదిలేయండి మేడమ్. మీకు ఉద్యోగం కావాలా, ఊరు కావాలా?"

ఈ మాట నేను మర్చిపోలేను. నా బిడ్డ గురించి మొదటిరోజు నుంచీ వాళ్లకి తెలుసు. తన పాస్‌పోర్ట్ కాపీ కూడా తీసుకున్నారు, "డిపెండెంట్ ఫైల్" అని దానికి విడిగా పది వేలు తీసుకున్నారు. ఆ పది వేలు తీసుకున్న రోజే వాళ్ల దగ్గర నాకు స్కూల్ లేదు. ఉందని చెప్పి తీసుకున్నారు. బిడ్డని ఎక్కడ వదలాలో నాకు సలహా ఇచ్చే హక్కు అతనికి ఎవరిచ్చారు?

మా ఆయన డబ్బు వాపసు అడిగారు. ట్రైనింగ్ ఫీజుకి రీఫండ్ ఉండదన్నాడు. రసీదులన్నీ తీసి చూస్తే నిజంగానే "ట్రైనింగ్, డాక్యుమెంటేషన్" అని రాసి ఉంది, ఉద్యోగం అన్న మాట ఎక్కడా లేదు. సర్టిఫికెట్లు కావాలంటే క్యాన్సిలేషన్ ఛార్జీ కట్టమన్నాడు. పోలీస్ స్టేషన్‌కి పోదాం పద అని ఈయన లేచేసరికి సర్టిఫికెట్లు సొరుగులోంచి బయటికొచ్చాయి. డబ్బు మాత్రం రాలేదు.

ఖోన్ కేన్‌లో పనిచేస్తున్న ఒక తెలుగు టీచర్‌తో తర్వాత మాట్లాడాను. ఆవిడ చెప్పాక లోపలి సంగతి తెలిసింది. అక్కడ బడులు మే మధ్యలో మొదలవుతాయి. గవర్నమెంట్ స్కూళ్లు చాలావరకు అక్కడి ఏజెన్సీల ద్వారా టీచర్లని తీసుకుంటాయి, ఎంతమంది కావాలో చాలాసార్లు ఏప్రిల్ దాకా తేలదు. మధ్యలో ఎవరైనా మానేస్తే ఆ ఖాళీ అప్పటికప్పుడు పుడుతుంది. కొన్ని స్కూళ్లు ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్లే కావాలంటాయి, అందుకే మనవాళ్లకి జీతం కూడా తక్కువ చెప్తారు. అంటే డిసెంబర్‌లో "చియాంగ్ మాయ్ కన్ఫర్మ్" అని చెప్పడం వీళ్లకే కాదు, ఎవరికీ సాధ్యం కాదు. ఇల్లు చూపించకుండా అడ్వాన్స్ పుచ్చుకున్నట్టే ఇది.

ఊరు ముందే తెలియకపోవడం నేరం కాదు. బడుల్లో ఇంగ్లీష్ చెప్పడానికి విదేశీయుల్ని తీసుకునేందుకు జపాన్ ప్రభుత్వం 1987 నుంచి నడిపే జెట్ ప్రోగ్రామ్‌లో కూడా అభ్యర్థి ఇష్టమైన చోట్లు రాసుకోవచ్చు, అవే వస్తాయని హామీ ఉండదు. కానీ ఆ సంగతి అప్లై చేసేటప్పుడే చెప్తారు, అప్లికేషన్‌కి డబ్బు తీసుకోరు, విమానం టికెట్ కూడా వాళ్లే ఇస్తారు. అక్కడ తెలిసే ఒప్పుకుంటాం. ఇక్కడ అబద్ధం చెప్పి ఒప్పించారు.

అన్నిటికంటే భయపెట్టిన విషయం ఇంకోటి. నా తర్వాత వాళ్లు మా బ్యాచ్‌లో మిగతావాళ్లకి పెట్టిన మెసేజ్ చూశాను. "వీసా లేకుండా టూరిస్టుగా దిగండి, ఇమిగ్రేషన్‌లో హాలిడే అని చెప్పండి, ప్లేస్‌మెంట్ బ్యాంకాక్‌లో ఇస్తాం" అని. దయచేసి వెళ్లకండి. వర్క్ పర్మిట్ లేకుండా క్లాస్‌లో నిలబడితే అది అక్కడ నేరం, పట్టుబడితే శిక్ష పడేది మనకి. ఎక్కడ పనో తెలియకుండా బ్యాంకాక్‌లో దిగిన మన పిల్లల్ని మే సాట్ అనే థాయ్ ఊరి మీదుగా సరిహద్దు దాటించి మయన్మార్‌లో సైబర్ మోసాల క్యాంపుల్లో పడేశారు కదా. 2025 మార్చిలో 500 మందికి పైగా మన దేశస్తుల్ని వైమానిక దళం విమానాల్లో వెనక్కి తెచ్చారు, అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. ఈ కన్సల్టెన్సీ అలాంటిదని నేను అనడం లేదు. కానీ స్కూల్ పేరు లేకుండా విమానం ఎక్కితే, దిగాక ఎవరి చేతిలో పడతామో ఎవరు చెప్పగలరు?

చేయాల్సినవి రెండు మూడు ముక్కల్లో చెప్తాను. విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని పంపే ఏజెంట్‌కి 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో పేరు కొట్టి చూడండి. సర్వీస్ ఛార్జీ 30 వేలు, దానిమీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. స్కూల్ పేరు, ప్రావిన్స్, జీతం ఇచ్చేది స్కూలా ఏజెన్సీయా, మార్చి ఏప్రిల్ సెలవులకి జీతం ఉందా లేదా, ఇవన్నీ రాసిన ఉత్తరం చూశాకే ముందుకెళ్లండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతికివ్వకండి, అటెస్టేషన్ మీరే దగ్గరుండి చేయించుకోండి.

విదేశాలకి పనికి వెళ్లేవాళ్ల ఫిర్యాదులు చూసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు, హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వబోతున్నాను. ఆ కన్సల్టెన్సీలోనే మే బ్యాచ్‌కి డబ్బు కట్టినవాళ్లు రసీదులు, వాయిస్ మెసేజ్‌లు డిలీట్ చేయకుండా నాకు మెసేజ్ పెట్టండి. అందరం కలిసి ఇద్దాం. "డిపెండెంట్ ఫైల్" పేరుతో పిల్లల మీద కూడా డబ్బు కట్టినవాళ్లు తప్పకుండా చెప్పండి, దాన్ని విడిగా రాయిస్తున్నాను.