అద్దాల పెట్టెనా, అమ్మ ఎదనా? బరువు తక్కువ బిడ్డకు ఏది మేలు?

మా చెల్లెలికి ఎనిమిదో నెల మొదట్లోనే కాన్పు అయింది. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, 1,600 గ్రాములు. నర్సు తువ్వాలులో చుట్టి మాకు ఒక్క క్షణం చూపించి, పై అంతస్తుకు తీసుకెళ్లిపోయింది. తల్లి కింద వార్డులో, బిడ్డ పైన వార్మర్ కింద. మూడు రోజులపాటు మా చెల్లెలు తన కూతురి ముఖాన్ని నా ఫోనులోనే చూసుకుంది. పిండిన పాలను స్టీలు గిన్నెలో పోసుకుని, మూత జాగ్రత్తగా పట్టుకుని మెట్లెక్కడం నా పని. ఫోను చేసిన బంధువులందరికీ ఒకటే చెప్పేవాళ్లం: "బాక్సులో పెట్టారు, భయం లేదు."

పిల్ల ఇప్పుడు బాగుంది. వైద్యులూ నర్సులూ తమకు తెలిసిన పద్ధతిలో శ్రద్ధగానే చూశారు. అయినా ఆ మూడు రోజుల ఎడబాటు అవసరమేనా అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. దీనిపై జరిగిన పరిశోధనలను వెతికి చదివాను. జవాబు నేను ఊహించినదానికన్నా స్పష్టంగా ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు బిడ్డ సంగతి చూద్దాం. 37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డ నెలలు నిండని బిడ్డ. 2,500 గ్రాములకన్నా తక్కువుంటే బరువు తక్కువ బిడ్డ. 2020లో మన దేశంలో 30 లక్షల మందికి పైగా పిల్లలు నెలలు నిండకుండానే పుట్టారని అంచనా. ప్రపంచంలో ఏ దేశంలోనూ ఇంతమంది లేరు. ఇలాంటి బిడ్డకు మొదటి శత్రువు చలి. చర్మం పలచన, దాని కింద కొవ్వు ఉండదు. ఒంట్లో వేడి పుట్టించే ప్రత్యేకమైన కొవ్వు ఎక్కువగా చేరేది గర్భంలోని చివరి నెలల్లోనే. బరువుతో పోలిస్తే ఒంటి వైశాల్యం ఎక్కువ, అందులో తలదే పెద్ద వాటా. పెద్దవాళ్లలా వణికి వేడి పుట్టించుకోవడమూ చేతకాదు. బిడ్డ ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. అది పడిపోతే బిడ్డ తన దగ్గరున్న కాస్త చక్కెరనూ, పీల్చుకున్న ఆక్సిజన్‌నూ వేడి కోసమే ఖర్చు చేసేస్తుంది. ఊపిరి తడబడుతుంది, పాలు తాగే ఓపిక పోతుంది. కాబట్టి ఏది మేలు అన్న ప్రశ్న అసలు ఇలా మొదలవుతుంది: ఈ వేడిని ఎవరు ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి?

మనం "బాక్సు" అని ఒకే మాటతో పిలిచేవి నిజానికి రెండు. వార్మర్ పైన తెరిచి ఉంటుంది. తలపైనున్న హీటరు నుంచి వేడి కిందికి ప్రసరిస్తుంది. బిడ్డ పొట్టమీద అంటించిన చిన్న సెన్సర్ ఒంటి వేడిని కొలుస్తూ హీటరును పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఇంక్యుబేటర్ అన్ని వైపులా మూసి ఉన్న అద్దాల పెట్టె. లోపల వెచ్చని, తేమగల గాలి తిరుగుతుంటుంది. వార్మర్ కింద బిడ్డకు ఏ చికిత్సైనా వెంటనే చేయవచ్చు, కానీ చర్మం నుంచి తేమ ఎక్కువగా ఆరిపోతుంది. ఇంక్యుబేటర్‌లో తేమ నిలుస్తుంది, కానీ తలుపు తెరిచిన ప్రతిసారీ వెచ్చదనం బయటకు పోతుంది. రెండింటికీ ఎడతెగని కరెంటు కావాలి, సరిగా అంటుకున్న సెన్సర్ కావాలి, ఒక బిడ్డకూ మరో బిడ్డకూ మధ్య శుభ్రంగా తుడిచే చేయి కావాలి. రద్దీగా ఉన్న ఆసుపత్రుల్లో ఒకే వార్మర్ కింద ఇద్దరు ముగ్గురు బిడ్డలను పడుకోబెట్టవలసి వస్తే, వేడి అందినట్టే ఇన్ఫెక్షనూ ఒకరి నుంచి మరొకరికి అందుతుంది.

ఈ పెట్టె చరిత్రలో ఒక సంగతి నన్ను ఆపేసింది. 1880ల తొలినాళ్లలో పారిస్‌లోని ప్రసూతి ఆసుపత్రిలో స్టెఫాన్ టార్నియే అనే వైద్యుడు కోడిగుడ్లను పొదిగే పెట్టెను చూసి శిశువుల కోసం అలాంటి పెట్టెలు చేయించాడు. ఎందరో బతికారు. ఆయన శిష్యుడు పియెర్ బుడాన్ మరో విషయం గమనించాడు. బిడ్డలను ఎక్కువకాలం తల్లులకు దూరంగా ఉంచితే, ఆ తల్లుల్లో కొందరికి బిడ్డపై ఆసక్తే సన్నగిల్లుతోంది. అందుకే తల్లి బిడ్డను చూస్తూ, దగ్గరుండి పాలిచ్చేలా ఏర్పాట్లు ఉండాలని ఆయన పట్టుబట్టాడు. అంటే, పెట్టె పుట్టిన తరంలోనే దాని లోపమూ తెలిసింది. మనం పెట్టెను తెచ్చుకున్నాం, ఆ హెచ్చరికను మాత్రం వదిలేశాం.

ఇక రెండో దారి. 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో ఎడ్గార్ రే సనబ్రియా అనే వైద్యుడు పనిచేసే ప్రసూతి ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలడం లేదు. ఒక్కో పెట్టెలో ఒకరికి మించి బిడ్డలు, ఇన్ఫెక్షన్లు, మరణాలు. ఆయన తల్లులనే ఇంక్యుబేటర్లుగా చేశాడు. సహచరుడు హెక్టర్ మార్టినెజ్ తోడుగా నిలిచాడు. ఆస్ట్రేలియా జంతువు పొట్టసంచిలో పిల్లను మోసే తీరును బట్టి దీనికి కంగారూ సంరక్షణ అనే పేరు వచ్చింది. తెలుగు చెవికి ఆ పేరు వేరే అర్థం తోపిస్తుంది కాబట్టి, ఇళ్లలో చెప్పేటప్పుడు నేను "ఎద మీద పెట్టుకోవడం" అనే అంటాను.

చేసే తీరు ఇలా ఉంటుంది. బిడ్డకు టోపీ, మేజోళ్లు, డైపరు తప్ప మరేమీ వేయరు. తల్లి రొమ్ముల మధ్య నిటారుగా, కాళ్లూ చేతులూ కప్పలా ముడిచి, చర్మానికి చర్మం తగిలేలా ఆనిస్తారు. తల ఒక పక్కకు తిప్పి, ఊపిరికి దారి మూసుకుపోకుండా గడ్డం కాస్త ఎత్తి ఉంచుతారు. పైన మెత్తని నూలు గుడ్డతో ఇద్దరినీ కలిపి కడతారు. తల్లి కొద్దిగా వెనక్కి వాలి కూర్చుంటుంది, లేదా పడుకుంటుంది. పట్టుకున్న ప్రతిసారీ కనీసం ఒక గంట కదల్చకుండా ఉంచాలి. పాలు అక్కడే ఉంటాయి. చప్పరించలేని బిడ్డకు పిండిన పాలను ఉగ్గుగిన్నెతోనో, సన్నని గొట్టంతోనో పడతారు. ఆసుపత్రిలో తిరిగే మొండి క్రిములకన్నా ముందు అమ్మ ఒంటిమీది మామూలు సూక్ష్మజీవులే బిడ్డ చర్మంపై స్థిరపడతాయి.

చాలా ఏళ్లు ఈ పద్ధతిని బిడ్డ కుదుటపడ్డాకే మొదలుపెట్టేవారు. ముందు పెట్టె, ఆ తర్వాత అమ్మ. అలా చేసినా లాభం పెద్దదే. అప్పటివరకూ జరిగిన ప్రయోగాలన్నీ పరిశీలించిన 2016 నాటి కాక్రేన్ సమీక్ష ప్రకారం, కుదుటపడిన బిడ్డలను మామూలు పద్ధతిలో కాకుండా ఎద మీద పెంచినప్పుడు, ఇంటికి వెళ్లేనాటికి మరణాలు దాదాపు 40 శాతం తగ్గాయి. కానీ ఇలాంటి బిడ్డల మరణాలు ఎక్కువగా జరిగేది మొదటి రెండు మూడు రోజుల్లోనే. అంటే కుదుటపడక ముందే. ఆ రోజుల్లో ఏది మేలు?

దీనికి నేరుగా జవాబు వెతికిన పెద్ద ప్రయోగం ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఐదు దేశాల్లో జరిగింది: ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా, భారతదేశం. మన దేశంలో అది ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలో జరిగింది. 1,000 నుంచి 1,799 గ్రాముల బరువున్న 3,211 మంది బిడ్డలను చీటీ తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టులో బిడ్డ పుట్టిన గంటా రెండు గంటల్లోనే తల్లి ఎద మీదికి చేరింది. మరో జట్టులో వార్మర్ లేదా ఇంక్యుబేటర్‌లో కుదుటపడ్డాకే చేరింది. మొదటి జట్టు బిడ్డలు ఐసీయూలో ఉన్న రోజుల్లో రోజుకు సుమారు 17 గంటలు ఎద మీద ఉన్నారు, రెండో జట్టు బిడ్డలు గంటన్నర. 28 రోజుల్లోపు మరణించినవారు మొదటి జట్టులో 12 శాతం, రెండో జట్టులో 15.7 శాతం. వంద మంది బిడ్డల్లో దాదాపు నలుగురి ప్రాణాలు. ఒంటి చల్లదనమూ, ఇన్ఫెక్షన్ అనుమానాలూ మొదటి జట్టులోనే తక్కువ. తేడా ఇంత స్పష్టంగా కనిపించడంతో, పర్యవేక్షక బృందం సూచన మేరకు ప్రయోగాన్ని ముందుగానే ఆపేశారు. ఆ ఫలితాలు 2021లో వెలువడ్డాయి. 2022 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫారసునే మార్చింది: పుట్టిన వెంటనే మొదలుపెట్టాలి, రోజుకు 8 నుంచి 24 గంటలు, వీలైనంత ఎక్కువసేపు.

ఇక్కడ ఒకటి గమనించాలి. మొదటి జట్టు బిడ్డలకు వైద్యం తగ్గించలేదు. ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే సీప్యాప్ యంత్రం, సెలైన్, మందులు అవసరమైన వాళ్లకు రెండు జట్లలోనూ ఇచ్చారు. తేడా ఒక్కటే. తల్లి మంచం ఐసీయూ లోపలికి వచ్చింది. బిడ్డ గొట్టాలతో సహా ఆమె ఎద మీద ఉంది. ఫలితం చర్మస్పర్శదా, తల్లి పక్కనే ఉండటానిదా, తల్లిపాలదా అని విడదీసి చూడలేమని కొందరు అంటారు. నిజమే, విడదీయలేం. నాకైతే విడదీయవలసిన అవసరం కూడా కనిపించదు. తల్లిని లోపలికి రానిస్తే ఆ మూడూ కలిసే వస్తాయి.

మరోవైపు కూడా చెప్పాలి. ఉగాండాలోని ఐదు ఆసుపత్రుల్లో, ఇంకా కుదుటపడని 2,000 గ్రాములలోపు బిడ్డలపై జరిగిన ప్రయోగం 2024లో వెలువడింది. మొదటి వారంలోని మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. హానీ కనిపించలేదు. అక్కడ బిడ్డలు ఎద మీద గడిపిన గంటలు ఐదు దేశాల ప్రయోగంకన్నా బాగా తక్కువ. నాకు తోచినంతలో దీని అర్థం ఇది: ఈ పద్ధతి పేరుకు చేస్తే సరిపోదు. గంటలు కావాలి. గంటలు కావాలంటే తల్లికి పక్కనే మంచం, ఆమె తిండీ నిద్రా చూసుకునే మనిషి కావాలి.

మరి పెట్టె ఎప్పుడు మేలు? పుట్టాక ఊపిరి అందించినా సొంతంగా శ్వాస తీసుకోలేని బిడ్డకు. వెంటిలేటర్ మీద, నిమిష నిమిషానికీ చికిత్స మారుతున్న బిడ్డకు. వెయ్యి గ్రాములలోపు పసికూనలకు మొదటి రోజుల్లో. తల్లికి ప్రాణాపాయం ఉండి, ఇంట్లో మరెవరూ రాలేని పరిస్థితిలో. వీళ్లకు వార్మరూ ఇంక్యుబేటరూ ప్రాణాధారాలే, వాటిని చిన్నచూపు చూసే మాట నా నోట రాదు. కానీ మా చెల్లెలి కూతురు వీళ్లలో ఎవరూ కాదు. సొంతంగా ఊపిరి తీసుకుంటున్న 1,600 గ్రాముల పిల్ల. ఐదు దేశాల ప్రయోగంలోని బిడ్డల లాంటిదే. ఆమె చోటు మొదటి గంట నుంచీ తల్లి ఎద మీదే అయివుండాల్సింది.

"ఆపరేషన్ అయిన మనిషి, కుట్లు పచ్చిగా ఉన్నాయి, ఎలా మోస్తుంది?" అన్నది మా ఇంట్లో మొదట వచ్చిన అభ్యంతరం. తల్లి లేవలేని గంటల్లో అమ్మమ్మ, పిన్ని, తండ్రి ఎవరైనా మోయవచ్చు. ఎండాకాలంలో చెమట పడుతుంది, నిజమే, అందుకే వంతులు వేసుకోవాలి. పురుడు, మైల అంటూ తాకనివ్వని ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ పట్టింపుకు మూల్యం చెల్లించేది బిడ్డ.

ఇంటి దగ్గర సంగతికొస్తే, ఎదకు పోటీగా కనిపించేవి కుంపటి, వేడినీళ్ల సీసా, మంచం పక్కన వేలాడదీసిన బల్బు. వీటిని ఎక్కువసేపు తూచనక్కరలేదు. కాలిన గాయాలు, పొగ, ఒకసారి అతివేడి ఒకసారి చలి. సాంబ్రాణి పొగా, పుట్టిన వెంటనే నలుగు పెట్టి చేయించే స్నానమూ ఈ బిడ్డలకు వద్దు. అదే ఇంట్లో ఎద మీద పెట్టుకుంటే ఏమవుతుందో హర్యానాలో చూశారు. 1,500 నుంచి 2,250 గ్రాముల బరువున్న 8,402 మంది బిడ్డలతో జరిగిన ఆ ప్రయోగ ఫలితాలు 2019లో వచ్చాయి. ఇంటికి వెళ్లి తల్లులకు నేర్పించి, తోడు నిలిచిన చోట మొదటి నెల మరణాలు సుమారు 30 శాతం, ఆరు నెలల్లోపు మరణాలు 25 శాతం తగ్గాయి. యంత్రం లేదు, కరెంటు లేదు. వచ్చి నేర్పే మనిషి ఉంది. మన పల్లెల్లో ఆశా కార్యకర్త గడప తొక్కినప్పుడు అడగవలసింది ఇదే. ఎద మీద ఉన్నా సరే, బిడ్డ పాదాలు చల్లబడినా, పాలు మానేసినా, ఊపిరి ఆగి ఆగి వచ్చినా, పెదవులు నీలంగా మారినా ఇక ఇంట్లో ఉంచకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నెలలు నిండకుండా కాన్పు అయ్యే సూచన ఉన్న కుటుంబం ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు వార్మర్లు ఎన్ని ఉన్నాయని అడుగుతుంది. దాంతోపాటు, "తల్లి మంచం బిడ్డ పక్కనే వేస్తారా? రాత్రిపూట కూడా ఉండనిస్తారా?" అనీ అడగండి. తల్లీబిడ్డలను కలిపి ఉంచే విభాగాలు ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ మొదలయ్యాయి. లేని చోట అడిగేవాళ్లుంటేనే వస్తాయి.

నాలుగో రోజు ఒక నర్సు మా చెల్లెలిని చక్రాల కుర్చీలో పైకి తీసుకెళ్లి, పిల్లను ఆమె ఎద మీద ఆనించి పాత నూలు చీరతో కట్టింది. ఇంటికి వచ్చాక పగలు మా చెల్లెలు, సాయంత్రం మా అమ్మ, తెల్లవారుజామున మా మరిది, అలా ఆరు వారాలు గడిచాయి. ఎప్పుడు మానాలో వైద్యురాలు తేదీ చెప్పలేదు. రెండున్నర కిలోల దగ్గరికి వచ్చేసరికి బిడ్డే చెబుతుందని అన్నారు. ఒక ఉదయం పిల్ల కట్టు లోపల మెలికలు తిరిగి, ఒక చేయి బయటికి లాగి, మళ్లీ లోపల పెడితే గట్టిగా ఏడ్చింది. తూకం వేస్తే 2,480 గ్రాములు. ఆ రోజే మా అమ్మ ఉయ్యాల కట్టింది.