ఆర్ఎఫ్ విలువా, సగటు బిట్‌రేటా?

పెళ్లి వీడియోలను హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో ఎంపీ4కి మార్చేటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఇది: నిలకడగా ఉండాల్సింది నాణ్యతా, ఫైల్ సైజా?

ఇంట్లో దాచుకోవడానికైతే నాణ్యతే. కాన్‌స్టంట్ క్వాలిటీ ఎంచుకుని, వీడియోను కుదించే పద్ధతి హెచ్.264 అయితే, ఆర్ఎఫ్ (నాణ్యతను నిర్ణయించే సంఖ్య) 20–22 పెట్టండి. సంఖ్య తగ్గేకొద్దీ బొమ్మ మెరుగవుతుంది, ఫైల్ పెరుగుతుంది. 6 తగ్గిస్తే సైజు దాదాపు రెట్టింపు. కదలిక ఎక్కువున్న సీన్లకు బిట్లు (డేటా) వాటంతటవే ఎక్కువ అందుతాయి. చిక్కల్లా సైజు ముందుగా తెలియకపోవడమే. పాత వీహెచ్ఎస్ టేపుల నుంచి తీసిన వీడియో అయితే మరీ కష్టం: చుక్కచుక్కల నాయిస్‌ను కూడా ఎన్‌కోడర్ (వీడియోను కుదించే ప్రోగ్రామ్) బొమ్మలో భాగంగానే లెక్కేసి దాని మీద బిట్లు ఖర్చుపెడుతుంది. అలాంటివాటికి నాయిస్ తగ్గించే డీనాయిస్ ఫిల్టర్, కదిలేచోట అడ్డగీతలు కనిపిస్తే వాటిని తీసే డీఇంటర్‌లేస్ ఫిల్టర్ తప్పకుండా పెట్టాలి. మొత్తం మార్చేముందు డాన్సులున్న ఒక నిమిషం ముక్కతో పరీక్షించండి.

సైజు ఇంతే ఉండాలన్నప్పుడే సగటు బిట్‌రేట్ (సెకనుకు సగటున వాడే డేటా), అదీ మల్టీ-పాస్‌తో, అంటే వీడియోను ముందు ఒకసారి పరిశీలించి తర్వాత మార్చే పద్ధతితో. 2 గంటల వీడియో 2 జీబీలో (అంటే 16,000 మెగాబిట్లలో) పట్టాలంటే ఆ మెగాబిట్లను 7,200 సెకన్లతో భాగించాలి: సుమారు 2,220 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు). ఆడియోకి 160 తీసి, కాస్త వెసులుబాటుతో 2,000 పెట్టండి. రెండుసార్లు నడుస్తుంది కాబట్టి సమయం ఎక్కువే పడుతుంది. ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు గనుక, పొడవాటి వీడియోలకు అక్కడ ఈ పద్ధతే నయం.