ట్రెసైత్‌లో సముద్రం కనిపించని గది

సముద్రం కనిపించే గది అని చెప్పి రాత్రికి 118 పౌండ్లు తీసుకున్నారు. తీరా వెళ్తే కిటికీ ఎదురుగా పక్కింటి గోడ. అడిగితే, “బాత్రూంలోంచి కనిపిస్తుంది కదా” అన్నారు యజమాని. స్టూలెక్కి పక్కకి వంగి చూస్తే నీలం ముక్కొకటి కనిపించింది, నిజమే. కార్డిఫ్ నుంచి రెండు గంటలకు పైగా కారు నడిపి అలసిపోయిన మా ఆయన, “రెండు రాత్రులే కదా, వదిలెయ్” అన్నారు. నాకు మాత్రం కడుపు మండిపోయింది. వేల్స్ పడమటి తీరంలోని ఈ చిన్న ఊరికి నేను వచ్చిందే ఆ సముద్రం కోసం.

అలెన్ రెయిన్ అనే నవలా రచయిత్రి చివరి ఏళ్లు ఇక్కడే గడిపారు. అసలు పేరు ఆన్ అడలైజా పడికోమ్. 1836లో దగ్గర్లోని న్యూకాజిల్ ఎమ్లిన్‌లో పుట్టారు. మొదటి నవల 1897లో వచ్చింది, అరవయ్యేళ్లకి! లండన్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే భర్తకి మతి చలిస్తే 1900లో ఇద్దరూ ట్రెసైత్ వచ్చేశారు. ఆయన్ని చూసుకుంటూనే ఆమె నవల తర్వాత నవల రాశారు. ‘టోర్న్ సెయిల్స్’లో కథానాయకుడు తెరచాపలు తయారు చేయించేవాడు. ఆమె కథల్లో సముద్రం చూసి మురిసిపోయే దృశ్యం కాదు, జనానికి కూడు పెట్టేది, మనుషుల్ని దూరం చేసేది. అందుకే ఆమె నాకిష్టం.

రెండో రోజు పొద్దున్న పోటు సమయంలో జలపాతానికి బయల్దేరి వెనక్కొచ్చాం. సైత్ ఏరు కొండ అంచు నుంచి నేరుగా ఇసుక మీదికి దూకుతుంది. ఆటు ఉన్నప్పుడే అక్కడికి నడిచి వెళ్లగలం, ఆ వేళలు ముందే చూసుకోండి. మధ్యాహ్నం కౌల్ తిన్నాం: మటన్, బంగాళాదుంపలు, ఉల్లికాడల్లాంటి లీక్స్ వేసి కాచిన పులుసు. రొట్టె, చీజ్‌తో గిన్నె 9.50 పౌండ్లు. ఇంకో గిన్నె చెప్పాక మా ఆయన ముఖం వికసించింది.

సాయంత్రం పక్కనే ఉన్న పెన్‌బ్రిన్ వెళ్లాం. బీచ్ కార్ పార్క్ తీరాల్నీ పాత కట్టడాల్నీ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థది, దాని సభ్యులకు ఉచితం. 1906లో భర్త, 1908లో క్యాన్సర్‌తో అలెన్ రెయిన్ పోయారు. పెన్‌బ్రిన్ చర్చి ఆవరణలోనే ఆమె సమాధి. మా ఆయన ఆమె పుస్తకం ఒక్కటీ చదవలేదు. అయినా టోపీ తీసి నిలబడ్డారు.

గది తీసుకునే ముందు కిటికీలోంచి తీసిన ఫోటో పంపమని అడగండి. కొంత డబ్బు వెనక్కివ్వమని నేను రాసి మూడు వారాలైంది, ఇంకా జవాబు లేదు.